గడియారం ఆగినచోటే ఆట

యానిమే ఆధారంగా వచ్చిన పాత గేమ్ ఏదైనా సరే, దాని మీద తీర్పు ఆడకముందే సిద్ధంగా ఉంటోంది. ఆ సీరియల్ చూసినవాళ్లకైతే పర్వాలేదు, మిగతావాళ్లు దాని జోలికి పోవద్దంటారు. వంతులవారీ ఆట కాబట్టి నత్తనడక అంటారు. ముప్పై నలభై ఏళ్ల కిందటిది కాబట్టి చిన్ననాటి ముచ్చటే తప్ప అందులో సరుకు లేదంటారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, పంజాగుట్ట బస్టాపులో, మా యూసుఫ్‌గూడ హాస్టల్ గదుల్లో గేముల ప్రస్తావన వస్తే కుర్రాళ్ల నోట వినపడేది ఇదే. వీడియోల్లో రివ్యూలు చెప్పేవాళ్లూ ఇదే పాట పాడుతున్నారు. ఈ మూడు మాటలూ తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు తప్పో ఒక్క గేమ్‌ని ముందుపెట్టుకుని చెబుతాను.

ఇప్పుడే ఎందుకంటే, యానిమే మనకిక పరాయి సరుకు కాదు. 2025 సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు మాటలతో మన థియేటర్లలో విడుదలైంది. సినిమా పనివాళ్లంతా ఉండే కృష్ణానగర్ మాకు కూతవేటు దూరం. జపాన్ బొమ్మల కథలకు తెలుగు గొంతు ఇవ్వడం ఇవాళ ఆ పనివాళ్లకు వింత కాదు. చూసేవాళ్లు పెరిగారు, దాంతోపాటు ఆ కథల మీద వచ్చిన గేమ్‌లను వెతికి ఆడేవాళ్లూ పెరిగారు. అలా వెతికే కుర్రాడికి మొదటి అడుగులోనే 'ఇది అభిమానులకు మాత్రమే' అని బోర్డు తగిలిస్తే, గొప్ప ఆట ఒకటి అతని చేతి దాకా రాకుండానే పోతుంది.

నేను ముందుపెట్టే గేమ్ 'కెప్టెన్ సుబాసా'. టెక్మో సంస్థ 1988 ఏప్రిల్ 28న నింటెండో వారి ఫ్యామికామ్ యంత్రం కోసం జపాన్‌లో విడుదల చేసింది. దీనికి మూలం యోయిచి తకహాషి 1981లో 'షోనెన్ జంప్' వారపత్రికలో మొదలుపెట్టిన ఫుట్‌బాల్ బొమ్మల కథ. 1983 నుంచి 1986 దాకా టీవీ టోక్యోలో అది 128 భాగాల యానిమేగా వచ్చింది. సుబాసా ఓజోరా అనే కుర్రాడు, అతని నాన్‌కత్సు జట్టు, ఎదురుగా తోహో జట్టు, అందులో పులిలాంటి కొజిరో హ్యూగా. కథ ఇంతే. ఈ కథ మీద ఫుట్‌బాల్ గేమ్ చెయ్యమంటే ఎవరైనా ఏం చేస్తారు? బటన్ నొక్కితే పరుగు, ఇంకో బటన్ నొక్కితే తన్ను. టెక్మో వాళ్లు ఆ దారిన పోలేదు. ఫుట్‌బాల్‌ని ఆపి, ఆలోచించి, నిర్ణయించుకుని ఆడే వ్యూహాల ఆటగా మార్చేశారు.

ఎలా ఆడతారో చెప్పకుండా వాదిస్తే లాభం లేదు. తెర పైభాగంలో బంతితో పరుగెత్తే ఆటగాడి బొమ్మ పెద్దగా కనిపిస్తుంది. కింద చిన్న మైదానం పటం, అందులో చుక్కలుగా ఆటగాళ్లు. మనవాడు బంతి తీసుకుని పోతూ ఉంటాడు. అవతలివాడు అడ్డు తగిలిన క్షణంలో ఆట ఆగిపోతుంది. డ్రిబుల్ చేసి దాటించాలా, పాస్ ఇవ్వాలా, గోల్‌కి తన్నాలా, తోటివాడితో ఇచ్చిపుచ్చుకుని ముందుకు దూకాలా? ఎంచుకోవాల్సింది మనమే. బంతి అవతలివాడి దగ్గరుంటే మన వంతు ఇంకోరకం. వాడు డ్రిబుల్ చేస్తాడనుకుంటే ట్యాకిల్, పాస్ ఇస్తాడనుకుంటే దాన్ని మధ్యలో కత్తిరించడం, తన్నేస్తాడనుకుంటే ఒంటితో అడ్డుపడటం. వాడి మనసులో ఏముందో ఊహించాలి. తప్పు ఊహిస్తే వాడు పక్కనుంచి జారిపోతాడు. గోల్‌కీపర్ దాకా వచ్చిందంటే పిడికిలితో గుద్దాలా, చేతుల్లో పట్టాలా అన్నది కూడా మన తీర్మానమే. గుద్దితే ఆపడం తేలికే గాని బంతి మళ్లీ ఎవరి కాళ్ల దగ్గర పడుతుందో తెలీదు. పట్టుకుంటే బంతి మనది, తప్పితే గోల్ వాళ్లది.

వీటన్నిటి కింద ఇంకో లెక్క నడుస్తుంటుంది. ప్రతి ఆటగాడికీ ఇంత దమ్మని ఒక అంకె ఉంటుంది. డ్రిబ్లింగ్‌కి కొంత పోతుంది, ట్యాకిల్‌కి కొంత పోతుంది. సుబాసా కొట్టే డ్రైవ్ షాట్ లాంటి ప్రత్యేకమైన దెబ్బలకు ఒక్కసారే బోలెడు పోతుంది. మంచివాడు కదా అని బంతి ఎప్పుడూ సుబాసాకే ఇచ్చి పరుగెత్తిస్తే ఆఖరి నిమిషాల్లో వాడి దగ్గర తన్నడానికి కూడా ఓపిక మిగలదు. ఎవరి దమ్ము ఎప్పుడు ఖర్చు పెట్టాలి, ఎవరిది దాచుకోవాలి అన్నదే ఈ ఆట అసలు ప్రాణం. ఇది వ్యూహం కాకపోతే ఇంకేది వ్యూహమో నాకు తెలియదు.

మా వీధి హాస్టల్లో ఉండి అమీర్‌పేటలో జావా నేర్చుకునే కుర్రాడొకడు ఈ గేమ్‌ని తన ల్యాప్‌టాప్‌లో ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. తోహోతో మ్యాచ్. మొదట్లో వాడికి చిరాకు. "అన్నా, ఇది గేమ్ ఎట్లయితది? మెనూ నొక్కుడే కదా. ఆడెటోడు మనం కాదు, వాడే ఆడుకుంటుండు" అన్నాడు. హ్యూగా బంతితో వస్తున్నాడు. మనవాడు అడ్డుపడటం ఎంచుకున్నాడు, హ్యూగా తన్నకుండా డ్రిబుల్ చేసి దాటేశాడు. తర్వాతివాడితో ట్యాకిల్ చేయించాడు, అది కూడా విరిగింది. ఇక గోల్ దగ్గర మిగిలింది మన గోల్‌కీపర్ మొరిసాకి. ఈ కథ తెలిసినవాళ్లకు మొరిసాకి అంటే ఎంత దడో తెలుసు. తెలియనివాడికి హ్యూగా కొట్టిన ఆ ఒక్క టైగర్ షాట్‌తో తెలిసొచ్చింది. బంతి వలలో పడింది. ఒకటి-సున్నా.

కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాడి ఆట మారింది. హ్యూగా దగ్గరికి బంతి చేరాక ఆపడం వృథా అని వాడికి అర్థమైంది. మధ్యమైదానంలోనే పాస్‌లు కత్తిరించడం మొదలుపెట్టాడు. సుబాసాని పరుగెత్తించడం మానేసి, మామూలు ఆటగాళ్లతో బంతి తిప్పుకుంటూ ముందుకు జరిపాడు. "అన్నా, ఈని దమ్ము దాస్తున్న. లాస్ట్‌ల కొడ్త" అన్నాడు. ఎవరూ నేర్పలేదు. మెనూ నొక్కుడే కదా అన్నవాడే కాసేపట్లో కోచ్‌లా మాట్లాడుతున్నాడు. సుబాసా గురించి అంతకుముందు వాడికి ఒక్క ముక్క కూడా తెలీదు. ఆ యానిమే ఒక్క భాగం కూడా చూసిందిలేదు. 'అభిమానులకు మాత్రమే' అనే తీర్పుకి ఆ గదిలో చోటెక్కడిది?

ఇప్పుడు నత్తనడక అన్న అభ్యంతరం ముందు తీసుకుందాం. గడియారం ఆగితే ఆట చచ్చిపోతుందని, వేలికి పని లేకపోతే ఆటగాడికి పని లేనట్టేనని దాని అర్థం. ఈ మాట ఇంకే ఊళ్లోనైనా అంటే ఊరుకోవచ్చేమో, హైదరాబాద్‌లో అంటే మాత్రం నేను ఊరుకోలేను. ఇది సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు. బడిపంతులుగా పనిచేసిన రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ కోచ్ ఆయనే. ఆయన పెట్టిన పోటీల్లో ఒకరకం ఉంది: డ్రిబ్లింగ్ నిషేధం. బంతి వస్తే ఒక్క తాకుతో పక్కవాడికి ఇచ్చెయ్యాల్సిందే. బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా పెట్టాడు.

ఎందుకు పెట్టాడు? ఆటగాడి కాళ్లకున్న గారడీని కాసేపు తీసేస్తే, వాడి బుర్ర ఏం చేస్తోందో బయటపడుతుంది. బంతి వచ్చేలోపే ఎటు ఇవ్వాలో తేల్చుకోనివాడు అక్కడ నిలవలేడు. టెక్మో వాళ్లకు రహీం పేరు తెలిసి ఉంటుందని నేను అనడం లేదు. కానీ చేసిన పని అదే. వేళ్ల చురుకుని పక్కనపెట్టి నిర్ణయాన్ని ముందుకు తెచ్చారు. గడియారాన్ని ఆపింది ఆటని ఆపడానికి కాదు, మామూలు మ్యాచ్‌లో రెప్పపాటులో జరిగిపోయి ఎవరి కంటా పడని ఆ ఎంపికని మన చేతికివ్వడానికి. 1962లో జకార్తాలో జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక కాపు కాసే ఆటగాడు. రహీం అతన్ని ముందు వరసలో ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన మ్యాచ్‌లో ఒక గోల్ జర్నైల్‌దే. ఎవరిలో ఎంత మిగిలింది, దాన్ని ఎక్కడ వాడాలి అన్న లెక్కలో గెలిచిన పతకం అది. మా యూసుఫ్‌గూడ బెటాలియన్ మైదానం గోడ పక్కగా రోజూ నడిచే కుర్రాళ్లు, పోలీసు జట్టు ఫుట్‌బాల్‌తో దేశాన్ని ఏలిన ఊళ్లో ఉంటూ, ఆలోచించే ఫుట్‌బాల్‌ని నత్తనడక అనడం నాకు బాధ కలిగిస్తుంది.

రెండో అభ్యంతరం: యానిమే గేమ్ అంటే బొమ్మ అంటించి అమ్ముకునే సరుకు. అలాంటి చెత్త బోలెడు వచ్చింది, కాదనను. అయితే దాన్ని సూత్రంగా మార్చేవాళ్లు చరిత్ర తెలుసుకోవాలి. నింటెండో యంత్రాల మీద వంతులవారీ యుద్ధ వ్యూహం అనగానే ఇవాళ అందరూ 'ఫ్యామికామ్ వార్స్' పేరు, 'ఫైర్ ఎంబ్లమ్' పేరు చెబుతారు. మొదటిది 1988 ఆగస్టులో, రెండోది 1990 ఏప్రిల్‌లో వచ్చాయి. వాటికంటే ముందే, 1987లో, బందాయ్ వాళ్లు గండమ్ యానిమే మీద 'గచాపోన్ సెన్షి' తెచ్చారు. పటం మీద వంతులవారీగా స్థావరాలు ఆక్రమించుకోవాలి, వచ్చిన రాబడితో యంత్రాలు తయారు చేసుకోవాలి, సేనని కదపాలి. 1991 ఏప్రిల్‌లో గేమ్‌బాయ్ మీద మొదలైన 'సూపర్ రోబో తైసెన్' మజింగర్, గెట్టర్, గండమ్ అనే యానిమే రోబోలను ఒకే పటం మీదకి తెచ్చి పెద్ద వరసకే పునాది వేసింది. యానిమే బొమ్మ ఉన్న డబ్బాలోనే ఈ ఆటల జాతి ఎదిగింది. సొంత ఇంటి పునాదిని నకిలీ అనడం ఏ రకం విమర్శ?

'సుబాసా' విషయంలో ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉంది, దాన్ని తయారుచేసింది టెక్మోనే. ఈ గేమ్‌ని 1992లో అమెరికాకి 'టెక్మో కప్ సాకర్ గేమ్' పేరుతో పంపినప్పుడు యానిమేని పూర్తిగా తీసేశారు. సుబాసా లేడు, అతని స్థానంలో రాబిన్ ఫీల్డ్ అనే కొత్తవాడు. ముఖాలు మారాయి, పేర్లు మారాయి, కథ మారింది. యానిమే పేరే ఈ గేమ్‌కి ఆధారమైతే అది తీసెయ్యగానే కుప్పకూలాలి. కూలలేదు. అడ్డు తగిలిన క్షణంలో అదే ఆగడం, అదే ఊహ, అదే దమ్ము లెక్క. వ్యూహం చెక్కుచెదరలేదు. ఆడి చూడండి, తెలుస్తుంది.

మరి యానిమేకి ఇందులో పాత్ర లేదా? ఉంది, చాలా పెద్దది, కానీ మన రివ్యూకారులు వెతికే చోట లేదు. ఆ యానిమేలో ఒక్క మ్యాచ్ భాగాలకు భాగాలు సాగుతుంది. బంతి గాల్లో ఉండగానే ఇద్దరు ఆటగాళ్లు ఒకరినొకరు తూచుకుంటారు, గతం గుర్తుచేసుకుంటారు, నిర్ణయం తీసుకుంటారు. కాలం సాగదీసినట్టు ఉంటుందని దాన్ని వెక్కిరించేవాళ్లు ఉన్నారు. టెక్మో ఆ సాగిన కాలాన్నే ఆట నియమంగా మార్చింది. కథలో సుబాసా ఆలోచించుకునే ఆ క్షణం గేమ్‌లో మన వంతు అయింది. అనుసరణ అంటే ఇదీ. పాత్రల ముఖాలు అతికించడం ఎవరైనా చేస్తారు; కథ ఊపిరి పీల్చే పద్ధతిని నియమాల్లోకి దింపడం అరుదు. సినిమాలో నవల ఎంత ఉందని లెక్కపెట్టే మనం, గేమ్‌లో యానిమే ఎంత ఉందంటే మాత్రం బొమ్మలు చూసి తేల్చేస్తున్నాం.

ఇక్కడ ఈ గేమ్‌ని వెనకేసుకొచ్చేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. పాపం ఆ రోజుల్లో యంత్రానికి శక్తి లేదు, అందుకే ఇలా మెనూలతో సరిపెట్టారు అంటారు వాళ్లు. జాలితో చేసే ఈ సమర్థన నాకొద్దు. ఫ్యామికామ్ ఒక అడ్డ గీతలో ఎనిమిది కదిలే బొమ్మలకు మించి చూపలేదు, అది నిజమే. ఇరవై రెండు మంది ఆటగాళ్లు గుమిగూడితే తెర మినుకుమినుకుమంటుంది. ఆ పరిమితితోనే 1985లో నింటెండో తక్కువమందితో, చకచకా కదిలే మామూలు ఫుట్‌బాల్ గేమ్ ఇచ్చింది. అంటే మామూలు దారి మూసుకుపోలేదు, తెరిచే ఉంది. టెక్మో చూసి మరీ వద్దనుకుంది. పెద్ద బొమ్మలతో, కోణాలు మారుస్తూ, సినిమా చూపించినట్టు చూపే పద్ధతిని ఇక్కడ వాడింది. అదే సంస్థ 'నింజా గైడెన్'తో ఆ పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఆ గేమ్ జపాన్‌లో వచ్చింది 1988 డిసెంబరులో, 'సుబాసా' తర్వాత. గతిలేక చేసిన పనికి ఇలాంటి కొనసాగింపు ఉండదు.

జపనీస్ రాదు కదా, ఎలా ఆడతారని ఇంకొకరు. ఆటలో పదేపదే వచ్చే మాటలు గుప్పెడు. కాసేపు ఆడితే ఏ వరసలో ఏది ఉందో వేలికే తెలిసిపోతుంది. అభిమానులు చేసిన ఇంగ్లీషు అనువాదాలూ ఉన్నాయి. తొంభైల్లో మన ఇళ్లలో టీవీ గేమ్ ఆడినవాళ్లలో ఎవరికి తెర మీద రాసింది పూర్తిగా అర్థమైంది? దీని మీద ఇంతకంటే మాట్లాడక్కర్లేదు.

లోపాలు లేవని నేను చెప్పను. గెలుపోటముల వెనక అంకెల పాచిక ఒకటి దొర్లుతుంటుంది, అది మనకు కనపడదు. సరిగ్గా ఊహించి ట్యాకిల్ చేసినా ఒక్కోసారి తప్పుతుంది, ఎందుకు తప్పిందో చెప్పేవాళ్లు ఉండరు. ఓడితే ఆటగాళ్లకు వచ్చిన అనుభవం నిలుస్తుంది, అదే మ్యాచ్ మళ్లీ ఆడాలి. బలమైన జట్ల దగ్గర ఈ పునరావృతం విసుగు పుట్టిస్తుంది. ఆట దాచుకోవడానికి పొడవాటి పాస్‌వర్డ్ రాసుకోవాలి, ఒక్క అక్షరం పొరపాటయితే అంతే. చివరికి పశ్చిమ జర్మనీతో ఆడే దాకా వెళ్లాలంటే ఓపిక కావాలి. నిజాయితీగా రివ్యూ చేసేవాడు వీటిని తిట్టాలి, నేనూ తిడతాను. కానీ ఇవేవీ మన రివ్యూల్లో కనిపించవు. ఎందుకంటే ఈ లోపాలు తెలియాలంటే ఆడాలి. బొమ్మలు పాతవి, వేగం తక్కువ, అభిమానులకు మాత్రమే అనడానికి ఆడక్కర్లేదు.

అసలు జబ్బు రివ్యూల మార్కుల పట్టికలోనే ఉంది. గ్రాఫిక్స్‌కి ఇంత, సౌండ్‌కి ఇంత, గేమ్‌ప్లేకి ఇంత, మొత్తం పదికి నాలుగు. ఈ పట్టికలో నిర్ణయానికి గడి లేదు. ఈ గేమ్ నా ముందు ఎలాంటి ఎంపిక పెడుతోంది, ఆ ఎంపికలో నేను ఏం పోగొట్టుకుంటున్నాను, రెండోసారి ఆడినప్పుడు నేను వేరేగా ఆలోచిస్తున్నానా? వంతులవారీ గేమ్‌ని తూచాల్సిన ప్రశ్నలు ఇవి. కొత్త యానిమే గేమ్‌ల మీద కూడా ఇవే ప్రశ్నలు వెయ్యాలి. 2020లో బందాయ్ నామ్కో ఇదే కథ మీద 'రైజ్ ఆఫ్ న్యూ ఛాంపియన్స్' తెచ్చింది. ఆగకుండా పరుగెత్తే ఫుట్‌బాల్, కళ్లు చెదిరే షాట్లు. చూడటానికి యానిమేకి అచ్చం నకలు. కానీ హ్యూగా బంతితో వస్తుంటే గుండె బిగపట్టుకుని, వాడేం చేస్తాడో లెక్కవేసే వ్యవధి అందులో నాకు దొరకలేదు.

పాతబడిపోయిందనే ఆఖరి మాటకి జవాబు చాలామంది ఫోన్లలోనే ఉంది. 2017లో కెల్యాబ్ సంస్థ తెచ్చిన 'కెప్టెన్ సుబాసా: డ్రీమ్ టీమ్' మొబైల్ గేమ్‌లో ఇద్దరు ఎదురుపడగానే డ్రిబుల్, పాస్, షాట్ అని ఎంచుకునే ఆ పద్ధతే నడుస్తోంది. 1988 నాటి ఆలోచన చచ్చిపోయి ఉంటే ముప్పై ఏళ్ల తర్వాత కొత్త గేమ్ దాన్ని అరువు తెచ్చుకోదు. తేడా ఒక్కటే: ఫోన్ గేమ్‌లో మంచి ఆటగాడు కావాలంటే లాటరీలా అదృష్టం పరీక్షించుకోవాలి, దానికి డబ్బు కూడా ఖర్చు పెట్టమంటుంది. పాత క్యాట్రిడ్జ్‌లో సుబాసా మొదటి నిమిషం నుంచే మన జట్టులో ఉంటాడు. వాడి దమ్ముని ఆఖరి నిమిషం దాకా నిలబెట్టడమే మన పని. ఈ రెంటిలో ఏది ముందడుగో, ఏది వెనకడుగో తేల్చమని పదికి నాలుగు వేసినవాళ్లనే అడుగుతున్నాను.